రాయి పేరూ ఆకాశమే... కొండ పేరూ ఆకాశమే!

'ఏందిరా గిది, మైలుతుత్తమా?'

అమెరికా నుంచి వచ్చిన మనవరాలు చేతిలో పెట్టిన రాయిని చూసి మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న అది. తప్పేం లేదు. నీలంగా, పలుకులు పలుకులుగా ఉండే రాయి అంటే మన పల్లెల్లో అందరికీ తెలిసింది మైలుతుత్తమే కదా!

కానీ ఇది అది కాదు. మైలుతుత్తం ముదురు నీలం. ఇదేమో లేత నీలం. వాన వెలిసిన తెల్లారి, మబ్బు విడిపోయిన చోట తొంగిచూసే ఆకాశం రంగు. గుప్పెడంత రాయి. బయటంతా బూడిదరంగు గరుకు పెచ్చు. లోపల గుల్ల. ఆ గుల్ల నిండా పటికబెల్లం పలుకుల్లాంటి స్ఫటికాలు. చేతిలోకి తీసుకుంటే ఒక క్షణం ఆశ్చర్యం... చూడటానికి ఇంత సున్నితంగా ఉన్న రాయి ఇంత బరువేంటని! అదే పరిమాణంలో ఉన్న మామూలు స్ఫటికం కన్నా ఇది సుమారు ఒకటిన్నర రెట్లు బరువు.

'దీని పేరు సెలెస్టైన్ అమ్మమ్మా. అంటే ఆకాశానికి చెందినది అని అర్థం' అంది మా అక్క కూతురు.

అమ్మ ఆ రాయిని ఓసారి, కిటికీలోంచి కనిపించే కొండని ఓసారి చూసింది. 'ఆకాశమా? మరి గీ కొండ పేరు గూడ గదే గదనే!' అంది.

అప్పటిదాకా మాలో ఎవరికీ తట్టలేదు. మేం కూర్చున్నది ఫలక్‌నుమా కొండ కింది ఇంట్లో. ఆరోజు అందరం అక్కడ చేరింది రాయి గురించి మాట్లాడటానికి కూడా కాదు. ఆ ఇల్లు అమ్మేసి, అమ్మని కూకట్‌పల్లిలోని నా ఫ్లాటుకు తీసుకెళ్లే విషయం తేల్చడానికి. ఆ మాట ఎలా మొదలెట్టాలా అని అందరం తటపటాయిస్తుంటే, మధ్యలో ఈ రాయి వచ్చి కూర్చుంది.

రంగులకు పేర్లు పెట్టిన మాస్టారు

ముందు రాయి సంగతి. అమెరికాలోని పెన్సిల్వేనియాలో దొరికిన ఒక నీలిరాయి 18వ శతాబ్దం చివర్లో జర్మనీ చేరింది. 1791లో షుట్జ్ అనే ఆయన దాన్ని వర్ణించాడు. 1797లో ఆ రోజుల్లో పేరుమోసిన రసాయన శాస్త్రవేత్త క్లాప్రోత్ దాన్ని పరీక్షించి, అందులో స్ట్రాన్షియం ఉందని తేల్చాడు. గంధకంతో కలిసిన స్ట్రాన్షియం కాబట్టి దానికి తగ్గట్టే పెద్ద రసాయనికనామం తగిలించాడు. పలకాలంటే నోరు తిరగదు!

ఆ మరుసటి ఏడాది ఫ్రైబర్గ్ గనుల విద్యాలయంలో పాఠాలు చెప్పే అబ్రహాం గొట్లోబ్ వెర్నర్ చేతికి ఆ సంగతి వచ్చింది. వెర్నర్ సామాన్యుడు కాదు. ఖనిజాన్ని ముందు కంటితో, చేతితో, నాలుకతో గుర్తుపట్టాలని శిష్యులకు నేర్పిన గురువు. యూరప్ నలుమూలల నుంచీ విద్యార్థులు ఆయన దగ్గరికి వచ్చేవారు. రంగుల మీద ఆయనకు మహాపట్టు. 'నీలం' అంటే సరిపోదు, ఏ నీలమో చెప్పాలి అనేవాడు. ఆయన రంగుల పట్టికనే పెంచి 1814లో ప్యాట్రిక్ సైమ్ అనే చిత్రకారుడు ఎడిన్‌బరోలో పుస్తకంగా తెచ్చాడు. ఆ పుస్తకాన్నే చార్లెస్ డార్విన్ బీగిల్ ఓడలో తనవెంట తీసుకెళ్లాడు.

అలాంటి మనిషి ఆ రాయిలో గంధకాన్నో స్ట్రాన్షియాన్నో చూడలేదు. రంగు చూశాడు. ఆకాశానికి సంబంధించినది అనే అర్థంలో లాటిన్‌లో 'సెలెస్టిస్' అనే మాట ఉంది. దాన్నుంచే రాయికి పేరు పెట్టేశాడు. కొందరు సెలెస్టైన్ అంటే, కొందరు సెలెస్టైట్ అంటారు. రెండూ ఒకటే. ఈ రాయి తెల్లగానూ, పసుపు ఛాయలోనూ కూడా దొరుకుతుంది. అయినా నీలపుదాన్ని చూసి పెట్టిన పేరే అన్నింటికీ స్థిరపడిపోయింది.

అద్దం ఎక్కడుంది?

ఇక కొండ సంగతి. కోస్తావైపు వాళ్లకు ఫలక్‌నుమా అనగానే గుర్తొచ్చేది రైలు. సికింద్రాబాద్‌లో బయల్దేరి గుంటూరు, విజయవాడ, విశాఖపట్నం మీదుగా హౌరా వెళ్లే ఎక్స్‌ప్రెస్. తమాషా ఏంటంటే, ఆ బండి ఫలక్‌నుమా మొహం కూడా చూడదు! అసలు ఫలక్‌నుమా చార్మినార్‌కు దక్షిణంగా సుమారు అయిదు కిలోమీటర్ల దూరంలో ఉంది. శాలిబండ, అలియాబాద్, శంషీర్‌గంజ్, ఇంజన్‌బౌలి దాటుకుంటూ వస్తే ఎదురుగా కొండ, కొండమీద ప్యాలెస్.

ఆ పేరుకు అర్థం 'ఆకాశ దర్పణం' అని ఎక్కడ చదివినా ఉంటుంది. మేం చిన్నప్పుడూ అదే అనుకునేవాళ్లం. కొండమీద పెద్ద అద్దం ఉంటుందనీ, అందులో మబ్బులు కనిపిస్తాయనీ ఊహించుకునేవాళ్లం. మా వీధి చివర ఒక ఉర్దూ మాస్టారు ఉండేవారు. ఆయనే ఒకరోజు మా భ్రమ పోగొట్టారు.

'ఫలక్ అంటే ఆకాశం. సరే. నుమా అంటే అద్దం అని ఎవరు చెప్పార్రా? అద్దానికి ఆయినా అనే మాట వేరే ఉంది. నుమా అంటే చూపించేది. దారి చూపేవాడు రహ్‌నుమా. దిక్కు చూపేది కుతుబ్‌నుమా. నాంపల్లిలో మీరంతా పోయే నుమాయిష్ కూడా అందులోంచి వచ్చిందే... చూపించడం' అని వివరించారు.

అంటే ఫలక్‌నుమా అసలు అర్థం 'ఆకాశాన్ని చూపించేది'! ఆ పక్కనే ఉన్న బస్తీ పేరు జహానుమా. అంటే లోకాన్ని చూపించేది. మలక్‌పేట వైపు గుట్టమీద మరో పైగా ప్రభువు సర్ ఆస్మాన్ జా కట్టుకున్న కోట ఆస్మాన్‌గఢ్. ఆస్మాన్ అన్నా ఆకాశమే. నిజాం కుటుంబంతో వియ్యమందిన పైగా ప్రభువులకు ఆకాశం మీద మోజు కాస్త ఎక్కువేనన్నమాట.

అన్ని పళ్లాలు ఎవరు తోముతరు?

ఆ పైగా ప్రభువుల్లో ఒకరైన నవాబ్ వికారుల్ ఉమ్రా 1884 మార్చి 3న ఈ ప్యాలెస్‌కు పునాదిరాయి వేశారు. విలియం వార్డ్ మారెట్ దీనికి రూపశిల్పి. ఇటలీ నుంచి పాలరాయి తెప్పించారు. తేలు ఆకారంలో ప్యాలెస్, రెండువైపులా రెక్కల్లా సాగిన భాగాలు, 32 ఎకరాల ఆవరణ. అంతా పూర్తయ్యేసరికి తొమ్మిదేళ్లు పట్టింది. అది పూర్తయిన 1893లోనే ఆయన హైదరాబాద్ ప్రధాని కూడా అయ్యారు.

వైభవం సరే, ఖర్చు మాత్రం తడిసిమోపెడైంది. ప్యాలెస్ కట్టి నవాబు అప్పుల్లో కూరుకుపోయారని పాతబస్తీలో కథలుకథలుగా చెప్పుకుంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ అతిథిగా వచ్చి మనసు పారేసుకోవడం, నవాబు ప్యాలెస్‌ను నజరానాగా సమర్పించడం, నిజాం దానికి సొమ్ము చెల్లించి తీసుకోవడం... అన్నీ 1897-98 ప్రాంతంలో జరిగిపోయాయి. పేరు పెట్టుకుని, తొమ్మిదేళ్లు కట్టి, నాలుగైదేళ్లు కూడా స్థిరంగా అనుభవించకుండానే ఆకాశం చేతులు మారిందన్నమాట. వికారుల్ ఉమ్రా 1902లో కన్నుమూశారు. ఎంతో ఇష్టపడి తీసుకున్న మహబూబ్ అలీఖాన్ 1911లో తుదిశ్వాస విడిచిందీ ఇక్కడే.

తర్వాత అది రాచ అతిథి గృహమైంది. 1906లో అప్పటి వేల్స్ యువరాజు, తర్వాత రాజైన అయిదో జార్జి బస చేశారు. 1922లో ఆయన కొడుకు వచ్చారు. 1951లో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ విడిది చేశారు. ఆ తర్వాత తలుపులు మూతపడ్డాయి. దాదాపు అర్ధశతాబ్దం అలాగే ఉండిపోయాయి.

మా బాల్యమంతా ఆ మూసిన తలుపుల కింద గడిచిందే. మా నాయినకు ఇంజన్‌బౌలి దగ్గర చిన్న కిరాణా కొట్టు ఉండేది. రాత్రి కొట్టు కట్టేశాక అరుగుమీద కూర్చుని ప్యాలెస్ కబుర్లు చెప్పేవాడు. ఆయనా ఎప్పుడూ లోపలికి వెళ్లలేదు. ఎవరో చెప్పింది విని మాకు చెప్పేవాడు. 'లోపల నూటొక్క మంది ఒక్కసారే కూసోని తినే బల్ల ఉందట' అని ఆయన అంటే మేం నోళ్లు తెరిచేవాళ్లం. అమ్మ మాత్రం గిన్నెలు సర్దుతూ 'మరి గన్ని పళ్లాలు ఎవరు తోముతరు?' అనేది. ఆ ప్రశ్నకు మా నాయిన దగ్గర ఎప్పుడూ జవాబు ఉండేది కాదు.

ఆ బల్ల నిజమే. 2000 ప్రాంతంలో తాజ్ గ్రూప్ ప్యాలెస్‌ను లీజుకు తీసుకుంది. నిజాం కుటుంబానికి చెందిన ప్రిన్సెస్ ఎస్రా దగ్గరుండి మరీ మరమ్మతులు చేయించారు. దాదాపు పదేళ్ల పని. 2010 నవంబరులో హోటల్‌గా తెరుచుకుంది. 2017 నవంబరులో ప్రధాని మోదీ, ఇవాంకా ట్రంప్ విందు జరిగింది ఆ నూటొక్క కుర్చీల బల్ల దగ్గరే. అది చూసే నాటికి మా నాయిన లేడు.

నీలి రాయి... ఎర్రటి మంట

మళ్లీ రాయి దగ్గరికొద్దాం. 'అందంగుంది సరే, గిది దేనికి పనికొస్తది?' అని అడిగింది అమ్మ. కొట్టు నడిపిన ఇంటి ఇల్లాలు మరి!

నిజానికి ఈ రాయిని మనం చాలాసార్లే చూశాం, గుర్తుపట్టలేదంతే. దీపావళినాడు ఆకాశంలో పేలి కుంకుమ చల్లినట్టు విచ్చుకునే ఎర్రటి వెలుగు ఉంటుందే... అది స్ట్రాన్షియం మహిమ. మంటలో పడితే ఏ లోహం రంగు దానిదే. ఉప్పులోని సోడియానిది పసుపు. బేరియానిది ఆకుపచ్చ. రాగిది నీలం. స్ట్రాన్షియానిది ఎరుపు. ఆ స్ట్రాన్షియానికి ముఖ్యమైన ముడిఖనిజం ఏదో తెలుసా? ఈ లేత నీలపు సెలెస్టైనే!

అంటే ఆకాశం రంగు చూసి పేరు పెట్టిన రాయి, నిప్పులో పడితే ఎర్రగా మండుతుంది. వెర్నర్ మాస్టారు చూసింది దాని పైరంగునే.

ఈ మాట చెప్పగానే అమ్మ మొహంలో వెలుగు. దీపావళికి మా నాయిన కొట్టుముందు బల్లవేసి పటాకులు అమ్మేవాడు. కాకరవత్తులు, చిచ్చుబుడ్లు, భూచక్రాలు, రంగు అగ్గిపెట్టెలు. ఎర్రగా మండే అగ్గిపెట్టెలు ముందు అయిపోయేవి. ఒక పెట్టె మాత్రం మాకోసం గల్లాపెట్టెలో దాచేవాడు. 'అయితే మనం గప్పుడెప్పుడో అమ్మినమన్నట్టు దీన్ని' అంది అమ్మ, రాయిని ఇటూ అటూ తిప్పుతూ.

ఇంకా ఉన్నాయి. మన ఇళ్లలో దశాబ్దాలపాటు ఉన్న డబ్బా కలర్ టీవీల తెర గాజులో స్ట్రాన్షియం కలిపేవారు, లోపల పుట్టే ఎక్స్ కిరణాలు బయటికి రాకుండా. స్పీకర్లలో వాడే నల్లటి అయస్కాంతాల్లోనూ, పళ్లు జివ్వుమనకుండా వాడే కొన్ని టూత్‌పేస్టుల్లోనూ ఇదే లోహం. సముద్రంలో తేలాడే అకాంథేరియా అనే ఏకకణజీవులైతే తమ ఎముకలగూడును ఏకంగా సెలెస్టైన్‌తోనే కట్టుకుంటాయి.

మా మేనకోడలికి ఈ రాయి మీద ఇష్టం పుట్టిన చోటు ఒహాయోలో ఉంది. ఈరీ సరస్సు మధ్య దీవిలో 1897లో ఒక ద్రాక్షసారాయి కర్మాగారం కోసం బావి తవ్వుతుంటే గునపం కింద గుల్ల తగిలింది. చూస్తే భూమిలోపల గది అంత గుహ! గోడలనిండా సెలెస్టైన్ స్ఫటికాలు. కొన్ని అడుగున్నర పొడవున్నవి. లోపల నిలబడి చూడగలిగేంత పెద్ద గుల్లరాయి అది. కానీ ఆ రోజుల్లో ఆ స్ఫటికాల్ని కొన్నింటిని తవ్వి బాణసంచా తయారీదార్లకు అమ్మేశారు. ఇక్కడ ప్యాలెస్ చేతులు మారుతున్న ఆ రోజుల్లోనే, అక్కడ ఆకాశం రంగు రాళ్లు టపాకాయలుగా మారాయన్నమాట. మిగిలినవాటిని ఇప్పుడు జాగ్రత్తగా కాపాడి సందర్శకులకు చూపిస్తున్నారు. మా పిల్ల తెచ్చింది మాత్రం మడగాస్కర్ రాయి. బజార్లో దొరికే నీలి గుల్లరాళ్లలో చాలావరకు ఆ దేశానివే.

'మన కొండల దొరకదా?' అని అడిగింది అమ్మ. దొరకదు. ఫలక్‌నుమా కొండ గ్రానైట్. సుమారు 250 కోట్ల ఏళ్లనాడు భూగర్భంలో కరిగి గడ్డకట్టిన రాయి. సెలెస్టైన్ ఎక్కువగా సున్నపురాయి, జిప్సం లాంటి పొరల్లో నీళ్లు ఇంకేచోట పెరుగుతుంది. మన దేశంలో అది దొరికే చోట్లలో తమిళనాడులోని తిరుచిరాపల్లి ప్రాంతం ఒకటి. మన కొండకు ఉన్నది ఆకాశం పేరు మాత్రమే.

దండెం మీద అస్మానీ చీర

ఆ మర్నాడు మేనకోడలు ఇంకో ఆశ్చర్యం బయటపెట్టింది. అమ్మమ్మ 75వ పుట్టినరోజుకు ప్యాలెస్‌లో సాయంత్రం టీకి ముందే ఏర్పాటు చేసిందట! బసకో, భోజనానికో, ముందుగా అనుకున్న సందర్శనకో తప్ప ఆ గేటు దాటడం కుదరదు మరి. యాభై ఏళ్లకుపైగా కొండకింద కాపురం చేసిన మనిషి మొదటిసారి కొండెక్కబోతోంది.

బయల్దేరే ముందు అమ్మ మిద్దెమీదికి వెళ్లి ఎంతసేపటికీ దిగలేదు. చూస్తే, ఉతికిన అస్మానీ రంగు చీర ఒకటి తెచ్చి దండెంమీద నిండుగా పరుస్తోంది. 'ఇప్పుడెందుకమ్మా?' అంటే, 'పైకెళ్లి మనిల్లు గుర్తుపట్టాలె గద' అంది.

లోపల అన్నీ చూశాం. పాలరాతి మెట్లు, వెనిస్ దీపగుచ్ఛాలు, విండ్సర్ కోటలోని దాన్ని పోలిన చెక్కడపు కప్పు ఉన్న గ్రంథాలయం. నూటొక్క కుర్చీల బల్ల దగ్గర అమ్మ కాసేపు ఆగింది. అక్కడున్న అబ్బాయిని మెల్లగా ఏదో అడిగింది. అతను నవ్వాడు. ఏం అడిగిందో మాకు చెప్పక్కర్లేదు!

కానీ ఆమె మనసంతా బయటే ఉంది. ఊరు కనిపించే వైపు వెళ్లగానే పిట్టగోడ దగ్గర నిలబడిపోయింది. అక్కణ్నుంచి పాతబస్తీ అంతా పరుచుకుని ఉంటుంది. దూరంగా చార్మినార్. కిందంతా మిద్దెలు, మిద్దెలు, మిద్దెలు. అమ్మ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని వెతికింది. నేనూ వెతికాను. నీలి రంగు కనిపించని చోటు లేదు. నీళ్ల డ్రమ్ములు నీలం. రేకులమీద కప్పిన టార్పాలిన్లు నీలం. ఎవరెవరో ఆరేసుకున్న బట్టలు నీలం. వాటిలో మా చీర ఏదో చివరికీ తేలలేదు.

టీ చల్లారిపోయింది. 'పోదాం పా' అంది అమ్మ.

బాధపడిందేమో అనుకున్నాను. ఇంటికొచ్చాక చీర మడతపెడుతూ ఆమే అంది. 'ఆడ నిలబడి చూస్తే అంతా కిందికే చూస్తం బిడ్డా. ఆకాశం యాడ చూసినం? ఈడికెళ్లి ఆ కొండ చూడాలంటే తల పైకెత్తాలె. ఎత్తితే కొండెనక ఆకాశం గూడ కనబడ్తది. మీ మాస్టర్‌సాబ్ చెప్పిన పేరు మనకోసం పెట్టిందేరా.'

నేను మాట్లాడలేదు. ఆవిడే మళ్లీ అంది. 'మీ కూకట్‌పల్లిల తలెత్తితే ఏముంటది? పై ఫ్లాటోళ్ల బాల్కనీ.'

ఇల్లు అమ్మే మాట ఆ రోజుకు అక్కడితో ఆగింది. ఎప్పటికీ ఆగుతుందని చెప్పలేను. వీధిలో మా చిన్నప్పటి ఇళ్లు ఒక్కొక్కటే అంతస్తులుగా మారుతున్నాయి. మెట్లెక్కడం అమ్మకు ఏడాదికేడాది కష్టమవుతోంది. అయినా ఇప్పటికైతే ఆమె అక్కడే ఉంది.

రాయి కూడా అక్కడే ఉంది. ముందు కిటికీలో పెట్టింది. ఎండలో ఎక్కువకాలం ఉంటే ఆ నీలం వెలిసిపోవచ్చని చెప్పగానే తీసి, మా నాయిన ఫొటో ఉన్న గూట్లో నీడకు పెట్టింది. దీపావళికి దానిపక్కన ఒక రంగు అగ్గిపెట్టె కూడా చేరింది.

మీరెప్పుడైనా ఫలక్‌నుమా వైపు వెళ్తే... ప్యాలెస్ లోపలికి వెళ్లే వీలుంటే మంచిదే, చూసి రండి. వీలు కాకపోతే నొచ్చుకోకండి. ఇంజన్‌బౌలి దాటాక ఓ పక్కగా ఆగి తలెత్తండి. ఆ పేరు ఇస్తానన్నది అక్కడ ఊరికే దొరుకుతుంది.